ఫ్రీ లెక్చర్, ఫ్రీ సినిమా, అప్పుడప్పుడు కచేరీ: ఆఫ్రికానా స్టడీస్ ప్రోగ్రామ్‌లకి ఎలా వెళ్ళాలి

మొదటిసారి నేను వెళ్ళింది హీటర్ కోసం. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా అనే ఊరికి కొత్తగా వచ్చిన ఫిబ్రవరి అది. మా ఆయన పీహెచ్‌డీ, నాది ఎఫ్2 వీసా, అంటే ఉద్యోగం చెయ్యకూడదు, కారు లేదు, ఆయన పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తే మళ్ళీ రాత్రి అన్నం టైమ్‌కే ముఖం కనిపించేది. బస్సు కోసం నిలబడి బిగుసుకుపోతుంటే పక్క గోడమీద ఒక పోస్టర్ కనిపించింది. ఆఫ్రికానా స్టడీస్ సెంటర్ (నల్లజాతి వాళ్ళ చరిత్ర, సంస్కృతి చదివే డిపార్ట్‌మెంట్), ఏదో లెక్చర్, సాయంత్రం నాలుగున్నర, ఫ్రీ, ఎవరైనా రావచ్చు. లోపల వెచ్చగా ఉంటుంది కదా అని వెళ్ళాను. సగం అర్థం కాలేదు. కానీ ఆ గదిలో జనం వింటున్న తీరు చూసి మళ్ళీ వెళ్ళాను, ఆ తర్వాత ఇంకోటి, అలా నాలుగేళ్ళు.

ఈమధ్య అదే పరిస్థితిలో ఉన్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు, కొంతమంది ఎమ్మెస్ పిల్లలు అడుగుతున్నారు, "అక్కా, అది వాళ్ళ ప్రోగ్రామ్ కదా, మనం వెళ్తే ఏమైనా అనుకుంటారా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక అన్నీ ఇక్కడ రాసేస్తున్నా. ఎక్కువగా ఇథాకాలో ఉన్న కార్నెల్ యూనివర్సిటీ సంగతులే ఉంటాయి, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. మీరున్న ఊళ్ళో కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

అసలు వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. "ఓపెన్ టు ద పబ్లిక్" అని పోస్టర్ మీద ఉంటే ఆ పబ్లిక్‌లో మీరూ ఉన్నారు. నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ ఐడీ అడగలేదు, నువ్వెవరు, ఎందుకొచ్చావు అనలేదు.

మొహమాటం పోవాలంటే ఈ డిపార్ట్‌మెంట్లు ఎలా పుట్టాయో కొంచెం తెలియాలి. మిగతా సబ్జెక్టుల్లాగా వీటిని పెద్దమనుషులు కూర్చుని మంజూరు చెయ్యలేదు, విద్యార్థులు కొట్లాడి తెచ్చుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో 1968 నవంబర్‌లో మొదలైన సమ్మె దాదాపు ఐదు నెలలు నడిస్తే అక్కడ బ్లాక్ స్టడీస్ వచ్చింది. కార్నెల్‌లో 1969 ఏప్రిల్ 18 తెల్లవారుజామున నల్లజాతి అమ్మాయిలు ఉండే ఇంటి ముందు ఎవరో శిలువ తగలబెట్టారు (అమెరికాలో అలా శిలువ కాల్చడమంటే మిమ్మల్ని బతకనివ్వం అని బెదిరించడం). మర్నాడు పొద్దున్నే నల్లజాతి విద్యార్థులు విలార్డ్ స్ట్రెయిట్ హాల్ అనే బిల్డింగ్‌ని ఆక్రమించుకుని ఒకటిన్నర రోజు లోపలే ఉన్నారు. ఆ ఏడాదే సెంటర్ తెరిచారు, మొదటి డైరెక్టర్ జేమ్స్ టర్నర్. ఆఫ్రికా, అమెరికా, కరీబియన్ దీవులు, ఇంకా నల్లజాతి వాళ్ళు చెదిరి స్థిరపడ్డ చోట్లన్నీ కలిపి ఒకే చదువుగా చూడాలని "ఆఫ్రికానా" అన్న పేరు వాడుకలోకి తెచ్చింది ఆయనే. ఏడాది కూడా తిరక్కుండానే, 1970 ఏప్రిల్ 1న, సెంటర్ ఉన్న ఇల్లు కాలిపోయింది. మళ్ళీ పెట్టుకున్నారు.

అంత గొడవ పడి తెచ్చుకున్నది కాబట్టే ఆ గదిలో ప్రొఫెసర్లూ స్టూడెంట్లే ఉండరు. ఊళ్ళో పెద్దావిడలు, రిటైరైన టీచర్లు, చర్చి వాళ్ళు ముందు వరసల్లో ఉంటారు. వేరే డిపార్ట్‌మెంట్ల లెక్చర్లకి కూడా నేను వెళ్ళాను, అక్కడ బయటి మనిషి ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ అలా ఉండదు.

ఇంకో సంగతి. "ఏడు తరాలు" చదివారా? మన ఇళ్ళల్లో చాలామంది అట్టలు ఊడిపోయేదాకా చదివిన పుస్తకం అది. దాన్ని ఇంగ్లీషులో రాసిన అలెక్స్ హేలీ పుట్టింది ఇథాకాలోనే, 1921లో, వాళ్ళ నాన్న కార్నెల్‌లో చదువుకుంటున్నప్పుడు. ఊళ్ళో ఆయన పేరు మీద మునిసిపల్ స్విమ్మింగ్ పూల్ కూడా ఉంది. నేను రెండేళ్ళు దాని పక్కనుంచే నడిచి, ఒకరోజు బోర్డు చదివి అక్కడే ఆగిపోయాను.

ఎక్కడ వెతకాలి, ఏది ఎంచుకోవాలి

ఒక్కో కాలేజీలో ఒక్కో పేరు: ఆఫ్రికానా స్టడీస్, బ్లాక్ స్టడీస్, ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్, ఆఫ్రికన్ డయాస్పోరా స్టడీస్. ఒక పేరుతో దొరక్కపోతే ఇంకో పేరుతో చూడండి. డిపార్ట్‌మెంట్ పేజీలో ఈవెంట్స్ అని ఉంటుంది. అదొక్కటే నమ్ముకోకుండా ఆఫీసుకి ఒక ఈమెయిల్ కొట్టి, ప్రోగ్రామ్‌ల సమాచారం నాకూ పంపించండి అని అడగండి, పంపిస్తారు. మంచి సినిమాలూ కచేరీలూ మాత్రం చాలాసార్లు మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ పేరు మీదో లైబ్రరీ పేరు మీదో ఉంటాయి, ఆఫ్రికానా వాళ్ళు కలిసి జరుపుతారంతే. ఆ పేజీలు కూడా నెలకోసారి తిరగెయ్యండి.

సీజన్ ఉంటుంది దీనికి. సెమిస్టర్ మొదటి రెండు వారాలు, పరీక్షల ముందు వారం మామూలుగా పెద్దగా ఏమీ ఉండవు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ డే, ఆ వారమంతా ఏదో ఒకటి ఉంటుంది. ఫిబ్రవరి బ్లాక్ హిస్టరీ మంత్, మన కార్తీక మాసంలాగా అన్నీ దానిలోనే పడతాయి, ఒకే సాయంత్రం మూడు. 1926లో కార్టర్ వుడ్సన్ అనే చరిత్రకారుడు వారంగా మొదలుపెట్టింది 1976 నుంచి నెల అయింది. నా సలహా ఏమిటంటే, ఫిబ్రవరిలో పెద్ద పేర్లున్న వాటికి వెళ్ళండి కానీ, అసలు మజా అక్టోబర్‌లోనూ మార్చిలోనూ జరిగే చిన్న వాటిలో ఉంటుంది, 20 మంది ఉంటారు, మాట్లాడేవాళ్ళు మీ కళ్ళలోకి చూసి మాట్లాడతారు.

లెక్చర్ పేర్లు చూసి భయపడకండి. ప్రతి దానికీ రెండు ముక్కలుంటాయి, మధ్యలో రెండు చుక్కలు. చుక్కల ముందుది కవిత్వం, దాన్ని వదిలెయ్యండి. తర్వాతది చదవండి, అందులో దేశం పేరో, ఏళ్ళో, ఒక మనిషి పేరో ఉంటే వెళ్ళండి. అక్కడ కూడా అన్నీ "త్వం", "వాదం"తో ముగిసే మాటలే ఉంటే అది ఆ సబ్జెక్టు వాళ్ళ కోసం, మీకు నిద్రొస్తుంది. నాకొచ్చింది.

"బ్రౌన్ బ్యాగ్" అని ఉంటే మాత్రం జాగ్రత్త. మధ్యాహ్నం టాక్, లంచ్ టైమ్ అని చూసి భోజనం పెడతారనుకుని నేను పొద్దున్నుంచి ఏమీ తినకుండా వెళ్ళాను. బ్రౌన్ బ్యాగ్ అంటే ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకోవడం అట. అందరూ శాండ్‌విచ్‌లు విప్పుకుంటుంటే నేను నీళ్ళ బాటిల్ మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ ఏమీ అడక్కుండా ఒక నారింజ నా ముందుకి దొర్లించింది. కడుపులో గోల పక్కవాళ్ళకి వినిపించి ఉంటుంది.

వెళ్ళే ముందు పావుగంట

ఎక్కువేం అక్కర్లేదు. మాట్లాడే మనిషి పేరు కొట్టి ఒక చిన్న ఇంటర్వ్యూ చూడండి, ఉచ్చారణ అలవాటవుతుంది. ఏ దేశం గురించో చూసి మ్యాప్‌లో అదెక్కడుందో చూడండి. హైతీ మీద లెక్చర్‌కి నేను ఏమీ చూడకుండా వెళ్ళాను. ఆవిడ "1825" అనగానే హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది, నాకు ఏం జరిగిందో తెలియలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే తెలిసింది. బానిసలు తిరగబడి గెలిచి 1804లో స్వతంత్రం ప్రకటించుకున్న దేశం అది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపించి, మా ఆస్తి పోయింది, 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అంది. ఆ పోయిన ఆస్తిలో ఆ మనుషులు కూడా లెక్కే. అంటే తమ ఒళ్ళు తామే కొనుక్కోవాలన్నమాట. ఆ ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఆ గంట ఇంకోలా ఉండేది నాకు.

హాల్లోకి వెళ్ళాక

పది నిమిషాల ముందు వెళ్ళండి, కోటు విప్పుకోవడానికే ఐదు నిమిషాలు పడుతుంది ఆ చలిలో. పసిపిల్లలుంటే వెనక వరసలో తలుపు పక్క సీటు చూసుకోండి, ఏడిస్తే లేచి వెళ్ళిపోవచ్చు. మా వాణ్ణి ఐదో నెలలోనే తీసుకెళ్ళాను, ఎవరూ ముఖం చిట్లించలేదు, పైగా ఒకాయన కాసేపు ఎత్తుకున్నాడు. ఫోన్‌లో రికార్డు చెయ్యకండి, చెయ్యాలనుంటే ముందే అడగండి.

కొన్ని ప్రోగ్రామ్‌లు పెద్దవాళ్ళలో ఒకరు లేచి కొంచెం నీళ్ళు మొక్క మొదట్లో పోస్తూ పూర్వీకుల పేర్లు తలుచుకోవడంతో మొదలవుతాయి. ఒక్కో పేరుకీ జనం "ఆషే" అంటారు, అది యొరూబా మాట, అలాగే జరుగుగాక అన్నట్టు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా తాతగారు తర్పణం వదలడం కళ్ళముందు కదిలింది. మీరు అందరితో కలిసి అనొచ్చు, ఊరికే తలవంచి కూర్చోవచ్చు. ఫోటో మాత్రం తియ్యకండి.

ఇక లెక్చర్ మొదలయ్యాక మీకు వింతగా అనిపించేది జనం మాట్లాడటం. మనకి లెక్చరంటే చేతులు కట్టుకుని కూర్చోవడం. ఇక్కడ నచ్చిన మాట పడగానే "మ్మ్ హ్మ్" అంటారు, "అదీ, చెప్పు!" అన్నట్టు అరుస్తారు, ముందు వరస పెద్దావిడ అయితే తల అడ్డంగా ఊపుతుంది, అదీ మెచ్చుకోలే. హరికథలో దాసుగారు ఒక పిట్టకథ విసిరితే జనం ఊ కొట్టినట్టు. మాట్లాడేవాళ్ళు ఆ ఊకి తగ్గట్టు స్పీడు మార్చుకుంటారు. మీరు అరవక్కర్లేదు, కానీ రాతిబొమ్మలా కూర్చోవాల్సిన పనీ లేదు.

ప్రశ్నల టైమ్

ఇదొక్కటి కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే, నాతో సహా.

లెక్చర్ ముప్పావుగంట అయితే ప్రశ్నలు అరగంట. నేను మొదటిసారి మైక్ తీసుకుని, ఇండియాలో కులం ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాను. మూడు నిమిషాలు చెప్పాను. ప్రశ్న మర్చిపోయాను. మాట్లాడినాయన మర్యాదగా "థాంక్యూ" అని పక్కవాళ్ళ వైపు తిరిగారు. చెవులు కాలాయి నాకు. ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా చెప్పలేదు.

పోలిక తప్పని నేననను. ఆ పోలిక మనకంటే ముందు చూసినవాళ్ళున్నారు. 1946లో అంబేద్కర్ గారు అమెరికాలో ఉన్న నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డ్యుబాయ్ గారికి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం డ్యుబాయ్ కాగితాలతో పాటు మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్హర్స్ట్ లైబ్రరీలో ఉంది, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చూడొచ్చు. చిన్న ఉత్తరం. మిమ్మల్ని కలవలేదు కానీ మీ పేరు తెలుసు అంటారు. ఇక్కడి అంటరానివాళ్ళ పరిస్థితికీ అక్కడి నల్లజాతి వాళ్ళ పరిస్థితికీ చాలా పోలిక ఉంది కాబట్టి మీ వాళ్ళ సంగతి చదవడం నాకు అవసరం అంటారు. మీవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ కాపీలు రెండు మూడు నాకు పంపించగలరా అని అడుగుతారు. అంతే. డ్యుబాయ్ గారు జవాబు రాశారు కూడా. ప్రశ్న ఎలా అడగాలో నేను నేర్చుకుంది ఆ ఉత్తరం చూసే. మనమెవరమో ఒక వాక్యం, ఎందుకు అడుగుతున్నామో ఒక వాక్యం, అడగాల్సింది ఒక వాక్యం. ముందే కాగితం మీద రాసుకుని చదివెయ్యండి, ఇంగ్లీషు తడబడినా ఎవరూ పట్టించుకోరు. మిగతా కథంతా ఉంటే బయట కాఫీ దగ్గర చెప్పండి, అక్కడ నిజంగా వింటారు.

మాటల విషయం కూడా చెప్పాలి. పాత తెలుగు పుస్తకాల్లో "నీగ్రో" అని ఉంటుంది, అప్పటి వాడుక అది, పాత పత్రాల పేర్లలో కూడా కనిపిస్తుంది, కానీ మీ నోటి మాటగా హాల్లో వాడకండి. బ్లాక్ అనండి, ఆఫ్రికన్ అమెరికన్ అనండి. కెన్యా నుంచి వచ్చినాయన్ని ఆఫ్రికన్ అమెరికన్ అంటే ఆయనే నవ్వి సరిదిద్దుతాడు. మన రూముల్లో, మన కార్లలో నల్లజాతి వాళ్ళ గురించి వాడే ఇంకో మాట ఒకటుంది, మీకూ తెలుసు, ఇక్కడ రాయను. తెలుగులో అంటున్నాం కదా, వాళ్ళకేం తెలుస్తుందిలే అనుకుంటారు. తెలుస్తుంది. అసలు తెలియకపోయినా ఆ మాట నోట్లో పెట్టుకుని ఈ హాల్లోకి రావడం నాకైతే సిగ్గుచేటు అనిపిస్తుంది.

సినిమాలు

కార్నెల్‌లో సినిమాలు వేసేది విలార్డ్ స్ట్రెయిట్ హాల్లోనే. అవును, 1969లో పిల్లలు ఆక్రమించుకున్న ఆ బిల్డింగే. పాప్‌కార్న్ పొట్లం పట్టుకుని ఆ మెట్లెక్కుతున్నప్పుడు అది గుర్తుచేసుకుంటే వేరేగా ఉంటుంది.

ఆఫ్రికన్ సినిమా అంటే అడవులు, ఏనుగులు అనుకుని రాకండి. మొదట ఏది చూడాలి అని అడిగితే నేను సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ పేరు చెప్తాను. ఆయన ముందు నవలలు రాసేవాడు, తన జనంలో చదవడం వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి సినిమాల్లోకి వచ్చాడు. 1968లో తీసిన "మండాబీ" ఆయన జనం మాట్లాడే వోలోఫ్ భాషలో ఉంటుంది. మండాబీ అంటే మనియార్డర్. డాకర్‌లో ఉద్యోగం లేని ఒక పెద్దమనిషి, ఇద్దరు భార్యలు, ఏడుగురు పిల్లలు, పారిస్‌లో వీధులూడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకులు పంపిస్తాడు. పోస్టాఫీసుకి వెళ్తే ఐడీ కార్డు తెమ్మంటారు. ఐడీ కార్డుకి వెళ్తే పుట్టిన సర్టిఫికెట్ తెమ్మంటారు. దానికి వెళ్తే ఏ తేదీన పుట్టావు అంటారు. ఈలోపు డబ్బొచ్చిందని పేటంతా తెలిసిపోయి అప్పులవాళ్ళు, చుట్టాలు, బియ్యం కొట్టువాడు వరసకట్టారు. చేతికి పైసా రాకముందే అంతా ఖర్చయిపోయింది.

సబ్‌టైటిల్స్ చదవడం నేను ఎప్పుడు ఆపేశానో నాకే తెలియదు. మండలాఫీసు చుట్టూ మా నాన్న తిరిగిన తిరుగుడు అది. నెలనెలా ఇక్కడినుంచి డబ్బు పంపే మనవాళ్ళు, అవతల దాన్ని తీసుకునేవాళ్ళు ఎంత మంది మధ్య ఎలా నలుగుతారో చూడాలంటే ఈ సినిమా చూడాలి. పక్క సీట్లో నైజీరియా అబ్బాయి, వెనక మెక్సికో అమ్మాయి, ముగ్గురం ఒకే చోట నవ్వాం.

సినిమా అయ్యాక లేచి పరిగెత్తకండి, సగం విషయం అప్పుడే ఉంటుంది. ప్రొఫెసర్ ఒకరు పావుగంట చెప్తారు, తర్వాత జనం. తప్పిపోతే యూనివర్సిటీ లాగిన్ ఉన్నవాళ్ళు కానోపీ అనే ఆన్‌లైన్ సినిమాల సైట్‌లో వెతకండి, ఇలాంటివి చాలా ఉంటాయి.

మీరే ఒక సినిమా వేద్దామనుకుంటే, ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్ వాళ్ళూ ఆఫ్రికానా వాళ్ళూ కలిసి వేసినవి బాగా నడుస్తాయి కూడా, ఒక్కటి గుర్తుంచుకోండి: ఇంట్లో చూసే నెట్‌ఫ్లిక్స్ అకౌంట్‌తో హాల్లో వెయ్యకూడదు, పదిమందికి చూపించే హక్కు వేరే కొనాలి. లైబ్రరీలో సినిమాలు చూసుకునేవాళ్ళని అడిగితే ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్తారు. చాలాసార్లు లైబ్రరీ ముందే కొని ఉంటుంది.

కచేరీలు

మా అత్తయ్యగారు పురిటికి సాయంగా తెనాలి నుంచి వచ్చినప్పుడు నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్, ఆవిడకి ఎలా పొద్దుపోతుందా అని. టీవీలో సీరియళ్ళు అయిపోయాయి, గుడి గంటన్నర దూరం. ఒక శనివారం గాస్పెల్ కచేరీ ఉందంటే, చర్చి పాటలు కదా, వస్తారో రారో అనుకుంటూనే అడిగాను. "ఇంట్లో గోడలు చూసే బదులు ఎక్కడికైనా సరే పదమ్మాయ్" అన్నారు.

గాయని ఒక మాట విసిరింది, వెనక 40 మంది దాన్ని అందుకున్నారు. మళ్ళీ విసిరింది, మళ్ళీ అందుకున్నారు. మూడోసారికి హాలంతా లేచి నిలబడింది. చిన్నప్పుడు నాజర్ బుర్రకథ విన్న మనిషి ఆవిడ. నా చెవిలో, "ఇదేంటి, మన తందాన తాన లాగే ఉంది, మనం వంతలమా?" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. గాస్పెల్ కచేరీలో వినేవాళ్ళు ఉండరు, అందరూ వంతలే. మీరు కూర్చునే ఉంటే నచ్చలేదేమో అనుకుంటారు.

చప్పట్ల దగ్గర మనం దొరికిపోతాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టండి. మన చెయ్యి అలవాటుగా ఒకటి మీద పడుతుంది, భజనైనా ఆదితాళమైనా మొదటి దెబ్బ అక్కడే కదా. వీళ్ళది రెండు మీద, నాలుగు మీద. ఇంట్లో యూట్యూబ్ పెట్టుకుని పది నిమిషాలు ప్రాక్టీస్ చేసి రండి, లేకపోతే పక్కవాళ్ళ చేతులు చూస్తూ కొట్టండి. అత్తయ్యగారు రెండో పాటకే పట్టేశారు, నాకు ఇప్పటికీ జారిపోతుంది.

ఈ గాస్పెల్‌కి ముందుతరం పాటలు, స్పిరిచువల్స్ అంటారు, అవి కచేరీ హాళ్ళకి ఎలా వచ్చాయో కూడా చెప్తాను. నాష్‌విల్‌లో ఫిస్క్ అనే కాలేజీ, బానిసత్వం పోయిన కొత్తలో నల్లజాతి పిల్లల కోసం పెట్టింది, డబ్బుల్లేక మూతపడబోతుంటే 1871లో కొంతమంది విద్యార్థులు ఊరూరా పాడి చందాలు తెద్దామని బయల్దేరారు. వాళ్ళలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్ళే. తమ అమ్మానాన్నలు పొలాల్లో పాడుకున్న పాటలు పాడి తెచ్చిన డబ్బుతో కాలేజీ నిలబెట్టారు, బిల్డింగ్ కట్టించారు. ఆ బృందం పేరు జూబిలీ సింగర్స్, ఇప్పటికీ ఉంది.

కోరా కచేరీ వస్తే మాత్రం ఏ పనున్నా మానుకుని వెళ్ళండి. పెద్ద సొరబుర్రని సగానికి కోసి, ఆవు తోలు బిగించి, పొడుగాటి కర్ర గుచ్చి 21 తీగలు కడతారు. రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళతోనే మీటుతుంటే లోపల ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నట్టు ఉంటుంది. మాలీ, గాంబియా, సెనెగల్, గినీ వైపు వాయిస్తారు. అది వాయించేవాళ్ళు వంశపారంపర్యంగా గ్రియోలు, ఇంటి పేర్లు, వంశాలు, యుద్ధాలు అన్నీ నోటికే పెట్టుకుని పాడేవాళ్ళు, మన పిచ్చుకుంట్లవాళ్ళు వంశాలు చెప్పినట్టు. "ఏడు తరాలు"లో హేలీ గాంబియా వెళ్ళి తన పూర్వీకుడి కథ విన్నది కూడా ఒక గ్రియో దగ్గరే. కచేరీ మధ్యలో ఎవరో లేచి స్టేజీ దగ్గరకెళ్ళి నోట్లు పెట్టొస్తే కంగారుపడకండి, అవి చదివింపులు. మీకూ పెట్టాలనిపిస్తే ఒకటో ఐదో డాలర్లు జేబులో ఉంచుకోండి.

జాజ్ గురించి ఒక్క ముక్క: ఒక్కొక్కళ్ళు విడిగా వాయించడం అయ్యాక, పాట నడుస్తుండగానే చప్పట్లు కొడతారు, మనం తని ఆవర్తనం తర్వాత కొట్టినట్టే. టికెట్లుంటే స్టూడెంట్ రేటు అడగండి, కొన్నిచోట్ల భార్యకో భర్తకో కూడా ఇస్తారు.

అయిపోయాక తిండి, కబుర్లు

పెద్ద ప్రోగ్రామ్ అయితే రిసెప్షన్ ఉంటుంది. జొల్లాఫ్ రైస్ కనిపిస్తే తీసుకోండి, మన టమాటా పులావ్‌కి అక్క వరస. చికెన్ నీళ్ళతో వండుతారు చాలాసార్లు, శాకాహారులు అడిగి తినండి. నైజీరియాది బాగుంటుందా, ఘనాది బాగుంటుందా, సెనెగల్‌దా అని ఎవరైనా అడిగితే మాత్రం నవ్వి ఊరుకోండి, బిర్యానీ గొడవలో తలదూర్చినట్టే అది.

మాట ఎలా కలపాలో తెలియకపోతే హైదరాబాద్ పేరెత్తండి. మాసబ్ ట్యాంక్ దగ్గర ఏ.సి. గార్డ్స్ ఉంది కదా, నేను చిన్నప్పుడు ఎయిర్ కండిషన్ అనుకునేదాన్ని. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అది. నిజాం దగ్గర ఆఫ్రికా సంతతి గుర్రపు దళం ఉండేది, వాళ్ళ వారసులు కొందరు ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నారు. హిందూ మహాసముద్రం మీద పనిచేసే ఒక చరిత్ర ప్రొఫెసర్‌కి ఈ మాట చెప్తే ఆవిడ చేతిలో ప్లేటు పక్కన పెట్టి నోట్‌బుక్ తీసింది. అరగంట మాట్లాడాం. మరుసటి లెక్చర్‌కి సీటు ఆపింది నాకు.

ఇథాకా కాకపోతే? న్యూజెర్సీ వాళ్ళకి హార్లెమ్‌లో షాంబర్గ్ సెంటర్ ఉంది, కాలేజీ కాదు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళది, 135వ వీధిలో రైలు దిగితే ఎదురుగానే. అక్కడ హాలు బయట నేలమీద వేసిన పెద్ద గుండ్రటి బొమ్మ కింద కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అస్థికలున్నాయి, చూసి నడవండి. వర్జీనియా వాళ్ళకి వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ, అట్లాంటా వాళ్ళకి మోర్‌హౌస్, స్పెల్‌మన్ పక్కపక్కనే, ఫిలడెల్ఫియా వాళ్ళకి టెంపుల్, ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ దేశంలో మొదట ఇచ్చింది అక్కడే, 1988లో మొదలుపెట్టారు. మీ ఊళ్ళో ఉన్నది చూసుకోండి.

చివరగా, చివరి బస్సు టైమ్ ముందే చూసుకుని కూర్చోండి. కార్నెల్‌లో సెంటర్ ఉన్నది లోయకి అవతల ట్రిప్‌హ్యామర్ రోడ్డు మీద, రాత్రి మంచులో వంతెన దాటి నడవడం సరదా విషయం కాదు. ప్రశ్నల టైమ్‌లో ఎవరో ఒకరు మైక్ పట్టుకుని వాళ్ళ దేశం కథంతా చెప్పడం మొదలుపెడతారు, బస్సు ఆగదు.